అందిందో లేదో తెలియనప్పుడు



ఈ కళాశాలలో మాస్టారు మాకు చెప్పింది కామర్స్. కంప్యూటర్ ఆయన జీవితంలోకి ఆలస్యంగా వచ్చింది. అయినా ఆయన పేరిట జరిగే ఉపన్యాసానికి సాఫ్ట్‌వేర్ విషయం తీసుకున్నాను. వేర్వేరు చోట్ల నడిచే వ్యాపార వ్యవస్థలను ఒకదానితో ఒకటి కలపడం నా వృత్తి. ఇరవై ఏళ్లు దాటింది. ఆ పనిలో నాకు అక్కరకొచ్చిన సంగతులు చాలావరకు మాస్టారి బల్ల మీది ఎర్రగుడ్డ బైండు పుస్తకాల్లోనే ఉండేవి. చిట్టాలో రబ్బరు పెట్టకూడదు. తప్పు పద్దు పడితే ఎదురు పద్దు రాయాలి. రోజువారీ చిట్టా రాశాకే ఖాతాల ఆవర్జా. ఉత్తరం బయటికి పోకముందే అవుట్‌వార్డ్ రిజిస్టర్‌లో నంబరు పడాలి, వచ్చిన కాగితం మీద ఎవరూ చదవకముందే ఇన్‌వార్డ్ ముద్ర పడాలి. వీటిని అప్పట్లో మార్కుల కోసం బట్టీపట్టాను. ఎందుకన్నది విజయవాడలో ఒక మందుల గోడౌన్‌లో తెలిసింది.

2003లో నేను పనిచేసే చోటికి ఒక మందుల పంపిణీ సంస్థ పని వచ్చింది. ఆర్డర్లు తీసుకునేది హైదరాబాద్‌లో, సరుకు ఉండేది విజయవాడలో. అప్పటిదాకా ఆర్డర్లు ఫ్యాక్స్‌లో వెళ్లేవి. గోడౌన్‌లో ఒక పెద్దాయన గుమస్తా. ఆయన దగ్గర పొడవాటి నోటుపుస్తకం, చెవిమీద పెన్సిలు. ఫ్యాక్స్ రాగానే ఆర్డరు నంబరు చూసి, పుస్తకంలో రెండు పేజీలు వెనక్కి తిప్పి, గడుల మీద వేలు పెట్టి కిందికి జరుపుకుంటూ వెతికేవాడు. ఆ నంబరు లేకపోతే రాసుకుని సరుకు కట్టించేవాడు. ఉంటే ఆ కాగితాన్ని రెండుగా మడిచి గోడకున్న మేకుకు గుచ్చేవాడు. మేకు నిండా అలాంటి కాగితాలు. ఏమిటవి అని అడిగాను.

"లైను మధ్యలో తెగితే ఇక్కడికి చేరిందో లేదో వాళ్లకు తెలీదు బాబూ. మళ్లీ కొడతారు. వాళ్ల తప్పేం లేదు" అన్నాడు.

విన్నాను. తలూపాను. దాని విలువ మాత్రం గ్రహించలేదు. మూడు నెలల్లో మా సాఫ్ట్‌వేర్ వచ్చింది, ఫ్యాక్స్ మిషన్ పోయింది, నోటుపుస్తకం బీరువాలోకి వెళ్లింది. హైదరాబాద్ కంప్యూటర్ ఆర్డరు పంపి ముప్పై సెకన్లు చూస్తుంది. జవాబు రాకపోతే మళ్లీ పంపుతుంది. ఆ ప్రోగ్రాం రాసింది నేనే. పంపిన ప్రతిసారీ కొత్త నంబరు పడేలా రాశాను. ఒక వానాకాలం రాత్రి లైను వస్తూ పోతూ ఉంది. ఆర్డర్లు చేరాయి, జవాబులు తిరిగి రాలేదు. తెల్లారేసరికి ఒకే షాపుకు ఒకే ఇన్సులిన్ ఆర్డరు మూడుసార్లు కట్టి పంపించారు. ఇన్సులిన్ చల్లగా ఉండాలి. ఆ షాపులో ఉన్నది ఒకటే చిన్న ఫ్రిజ్. సరుకు తిరిగొచ్చినా ఇంకొకరికి అమ్మే వీల్లేదు, దారిలో ఎంత వేడికి గురైందో ఎవరూ చెప్పలేరు. రోగులకు అందాల్సిన మందు అలా పాడైంది.

ఆ ఏడాదే గ్రెగోర్ హోపే, బాబీ వుల్ఫ్ కలిసి రాసిన ఎంటర్‌ప్రైజ్ ఇంటిగ్రేషన్ ప్యాటర్న్స్ అనే పుస్తకం వెలువడింది. నా చేతికి వచ్చేసరికి ఇంకొన్ని నెలలు పట్టింది. అందులో 65 ప్యాటర్న్లు ఉన్నాయి. వాటిలో ఒకదాని పేరు ఐడెంపోటెంట్ రిసీవర్. ఒకే సందేశం ఎన్నిసార్లు అందినా పని ఒక్కసారే చేసేవాడు అని దాని అర్థం. ఆ పేజీ చదువుతుంటే చెవిమీద పెన్సిలే కనిపించింది. గుమస్తా చేసిన పనికి, నేను కొలువు నుంచి తీసేసిన ఆ పనికి, ఒక పేరుందని అప్పుడు తెలిసింది.

ప్యాటర్న్ అనే మాట సాఫ్ట్‌వేర్‌కు భవన నిర్మాణం నుంచి వచ్చింది. క్రిస్టొఫర్ అలెగ్జాండర్ అనే వాస్తుశిల్పి తన సహచరులతో కలిసి 1977లో తెచ్చిన ఎ ప్యాటర్న్ లాంగ్వేజ్ అనే పుస్తకంలో 253 ప్యాటర్న్లు ఉన్నాయి. కిటికీ దగ్గర కూర్చునే చోటు వాటిలో ఒకటి. గదిలోకి వచ్చిన మనిషి వెలుతురు వైపు పోవాలనుకుంటాడు, కుర్చీలు ఇంకోవైపు ఉంటాయి, మనసు కుదరదు, కాబట్టి కిటికీ దగ్గరే చోటు కట్టండి అంటాడు. మళ్లీ మళ్లీ ఎదురయ్యే ఇబ్బంది, దానికి పనిచేసిన ఉపాయం, ఆ రెంటినీ పట్టుకునే పేరు, ఈ మూడూ కలిస్తే ప్యాటర్న్. నా దృష్టిలో వీటిలో పేరే ముఖ్యం. గోడౌన్‌లో నోటుపుస్తకం అందరూ చూశారు. దానికి పేరు ఉండి ఉంటే, కొత్త వ్యవస్థ రాసుకున్నప్పుడు "మరి అది ఎక్కడ పెట్టారు?" అని ఎవరో ఒకరు అడిగేవారు. పేరు లేని పని కాగితం మీదికి ఎక్కలేదు.

ఒకే ఆర్డరు మళ్లీ మళ్లీ పడడంలో అసలు చిక్కు ఎక్కడుందో చెప్పడానికి ఒక పాత కథ ఉంది. 1975లో అక్కోయున్లు, ఏకనాథం, హ్యూబర్ అనే ముగ్గురు తమ పరిశోధన పత్రంలో దాన్ని రెండు దొంగల ముఠాల కథగా చెప్పారు. 1978లో కంప్యూటర్ శాస్త్రవేత్త జిమ్ గ్రే ఆ దొంగలను సేనాపతులుగా మార్చి చెప్పాక ఇద్దరు సేనాపతుల కథ అన్న పేరే నిలిచింది. రెండు కొండల మీద రెండు సేనలు. మధ్య లోయలో శత్రువు. ఇద్దరూ ఒకేసారి దిగితే గెలుపు, ఒక్కరే దిగితే నాశనం. కబురు మోసేవాడు లోయ దాటాలి, దారిలో పట్టుబడవచ్చు. మొదటి సేనాపతి "రేపు పొద్దున్నే" అని కబురు పంపాడు. అది అందిందో లేదో అతనికి తెలియాలంటే రెండోవాడు జవాబు పంపాలి. ఆ జవాబు అందిందో లేదో రెండోవాడికి తెలియాలి కదా? అందుకు మొదటివాడు ఇంకో కబురు పంపాలి. దీనికి అంతు లేదు. ఎన్ని కబుర్లు అటూ ఇటూ తిరిగినా, చివరి కబురు పంపినవాడు దిగులుగానే ఉంటాడు. దీన్ని తెలివితో దాటలేమని నిరూపణ ఉంది.

ఇది తెలిశాక మిగిలేవి రెండు దారులు. ఒక్కసారి పంపి ఊరుకోవడం, పోతే పోయింది. లేదా అందిందన్న కబురు వచ్చేదాకా పంపుతూ ఉండడం, రెండుసార్లు పడితే పడింది. "సరిగ్గా ఒక్కసారే చేరుతుంది" అని ఏ కంపెనీ రాసుకున్నా, లోపల తెరిచి చూస్తే రెండో దారీ దాని పక్కన ఒక నోటుపుస్తకమూ ఉంటాయి. ఆ నోటుపుస్తకం పనిచేయాలంటే నంబరు పంపేవాడు ఇవ్వాలి, మొదటిసారి పంపకముందే ఇవ్వాలి, వందసార్లు పంపినా అదే ఉండాలి. నేను చేసిన తప్పు అదే. అవుట్‌వార్డ్ నంబరు ఉత్తరానికి ఇస్తారు, తపాలాకు మోసుకెళ్లే ప్రతి ప్రయాణానికీ కాదు. ఈ ముక్క మాస్టారు మాకు మొదటి ఏడాదే చెప్పారు.

జిమ్ గ్రేకు 1998లో ట్యూరింగ్ పురస్కారం వచ్చింది. 2007 జనవరిలో ఆయన తన తల్లి అస్థికలు కలపడానికి శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఒంటరిగా పడవలో సముద్రం మీదికి వెళ్లి తిరిగి రాలేదు. వేలమంది ఉపగ్రహ చిత్రాలను ముక్కలుగా పంచుకుని కళ్లతో వెతికారు. ఏ జాడా దొరకలేదు. బ్యాంకులో మన డబ్బు లెక్క తప్పకుండా ఉందంటే ఆయనకు ఎంతో కొంత రుణపడి ఉన్నాం కాబట్టి ఈ సభలో ఆయన పేరు తలుచుకున్నాను.

మళ్లీ పుస్తకం దగ్గరికి వస్తే, వ్యవస్థలను కలిపే పద్ధతులు నాలుగని హోపే, వుల్ఫ్ అంటారు. మొదటిది ఫైల్ పంపడం. రాత్రి ఒకరు ఫైల్ రాసి పెడతారు, పొద్దున ఇంకొకరు తీసుకుంటారు. పాతబడిందంటారు గానీ ఈ రాత్రి కూడా దేశంలో బ్యాంకుల లెక్కలు చాలావరకు అలాగే కలుస్తాయి, నాకు దాని మీద గౌరవమే. రెండోది అందరూ ఒకే డేటాబేస్‌లో రాసుకోవడం. ఉమ్మడి కుటుంబం ఒకే ఆవర్జా వాడినట్టు ఉంటుంది. ఒకరికి కొత్త గడి కావాలంటే అందరి అనుమతీ కావాలి. మూడోది నేరుగా పిలవడం, ఫోన్ చేసినట్టు. అవతలివాడు లేచి ఉంటేనే పని జరుగుతుంది. నాలుగోది ఉత్తరం రాసి డబ్బాలో వేయడం. మెసేజింగ్ అంటే ఇదే. అవతలివాడు నిద్రపోతున్నా ఉత్తరం డబ్బాలో ఉంటుంది. ఐబీఎం 1993లో తెచ్చిన ఎంక్యూసిరీస్ ఈ డబ్బాను బ్యాంకులకూ విమాన సంస్థలకూ అలవాటు చేసింది. 2011లో లింక్డిన్ బయటికి ఇచ్చిన కాఫ్కా ఇంకో మలుపు తిప్పింది. అది డబ్బా కన్నా చిట్టాకు దగ్గర. వచ్చిన ప్రతి పద్దూ వరుసగా కింద చేరుతుంది, ఎవరు చదివినా అక్కడే ఉంటుంది, తాను ఎక్కడిదాకా చదివాడో చదివేవాడే గుర్తుపెట్టుకుంటాడు. ఆవర్జా చిరిగిపోయినా చిట్టా ఉంటే మళ్లీ రాసుకోవచ్చునని మాస్టారు అనేవారు. కాఫ్కా నేర్చుకునే కుర్రాళ్లకు నేను మొదట ఆ మాటే చెబుతాను.

ఉత్తరం డబ్బాలో వేయడమంటే ఇంకో చిక్కు. మన డేటాబేస్‌లో ఆర్డరు రాయాలి, గోడౌన్‌కు ఉత్తరం వేయాలి. ముందు ఏది? రాశాక కరెంటు పోతే ఉత్తరం వెళ్లదు. ఉత్తరం వేశాక రాయడం విఫలమైతే, మన దగ్గర లేని ఆర్డరుకు గోడౌన్‌లో సరుకు కడతారు. దీనికి ట్రాన్సాక్షనల్ అవుట్‌బాక్స్ అనే ప్యాటర్న్ ఉంది. ఉత్తరాన్ని కూడా అదే డేటాబేస్‌లో, ఆర్డరుతో పాటు ఒకే దెబ్బలో ఒక పట్టికలో రాస్తాం. రెండూ పడతాయి, లేదా రెండూ పడవు. ఆ పట్టిక చూసి తపాలాలో వేసే పని వేరే ప్రోగ్రాంది. అది ఒక్కోసారి రెండుసార్లు వేస్తుంది, అవతల నోటుపుస్తకం ఉంది కనుక నష్టం లేదు. ఒకవైపు అవుట్‌వార్డ్, ఇంకోవైపు ఇన్‌వార్డ్. మన తాలూకా ఆఫీసుల్లో గుడ్డ సంచుల పక్కన ఈ రెండు రిజిస్టర్లూ ఎన్నో ఏళ్లు నడిచాయి.

నంబరు గురించి మాట్లాడుతూ రైలు టికెట్ చెప్పకుండా ఉండలేను. ఒకప్పుడు విజయవాడలో నిలబడి ఢిల్లీ నుంచి తిరుగు ప్రయాణం రిజర్వేషన్ చేయించుకోవాలంటే టెలిగ్రాం కొట్టించి జవాబు కోసం ఎదురుచూసేవాళ్లం. రైల్వే వారి క్రిస్ సంస్థ రాసిన కాన్సర్ట్ అనే సాఫ్ట్‌వేర్ 1994లో మొదట సికింద్రాబాద్‌లో మొదలైంది. 1999 నాటికి ఢిల్లీ, ముంబై, కలకత్తా, చెన్నై, సికింద్రాబాద్ కంప్యూటర్లు అయిదూ ఒకదానితో ఒకటి కలిశాయి. బెర్తుల లెక్కలను ఒకే చోట కుప్ప పోయకుండా, అవసరమైన కంప్యూటర్‌ను వెతికి అడిగే ఏర్పాటు చేశారు. మన చేతిలో మిగిలేది పది అంకెల పీఎన్ఆర్. టికెట్ కొన్నది ఎక్కడైనా, రద్దు చేసింది ఇంకెక్కడైనా, చార్టు తయారైంది మరోచోటైనా ఆ పది అంకెలే ముడి. హోపే, వుల్ఫ్ పుస్తకంలో దీని పేరు కోరిలేషన్ ఐడెంటిఫయర్. పోయిన ప్రశ్నకూ వచ్చిన జవాబుకూ బంధుత్వం చెప్పేది అదే.

ఇక ఎదురు పద్దు. ఒక పనిలో నలుగురు భాగస్థులుంటే నలుగురూ సిద్ధమన్నాకే అందరూ ఒకేసారి ఖాయం చేసే పద్ధతి ఒకటుంది, టూ ఫేజ్ కమిట్ అంటారు. ఒకే గదిలోని యంత్రాలకు బాగానే కుదురుతుంది. భాగస్థులు వేరే ఊళ్లలో, వేరే సంస్థల్లో ఉంటే ఒకరి జవాబు కోసం మిగిలినవారి బీరువాలన్నీ తాళం పడి ఉంటాయి. దీనికి బదులు ఇంకో దారి చూపిస్తూ 2004లో హోపే జపాన్ వెళ్లి వచ్చాక ఒక చిన్న వ్యాసం రాశాడు. టోక్యో కాఫీ షాపులో డబ్బు తీసుకునేవాడు కాఫీ తయారయ్యేదాకా ఆగడు. కప్పు మీద గుర్తు రాసి వరుసలో పెడతాడు, తరువాతి మనిషిని పిలుస్తాడు. పాలు అయిపోతే డబ్బు తిరిగిస్తారు. మన టిఫిన్ సెంటర్‌లో టోకెన్ తీసుకుని పెసరట్టు కోసం నిలబడేవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. దీనికి శాస్త్రం 1987లోనే ఉంది. హెక్టర్ గార్సియా మొలీనా, కెనెత్ సేలం రాసిన సాగాస్ అనే పత్రం. పొడవైన పనిని చిన్న అడుగులుగా చేయాలి, ప్రతి అడుగుకూ దాన్ని సరిదిద్దే ఎదురు అడుగు ముందే రాసిపెట్టుకోవాలి. మధ్యలో ఆగితే వేసిన అడుగులకు ఎదురు అడుగులు వేసుకుంటూ వెనక్కి రావాలి.

సరిదిద్దడానికీ చెరపడానికీ తేడా మాస్టారు నాకు నేర్పిన రోజు బాగా గుర్తుంది. చిట్టాలో ఒక అంకె తప్పు రాసి, బ్లేడుతో మెల్లగా గీకి దిద్దాను. చూస్తే తెలియదనుకున్నాను. మాస్టారు ఆ పేజీని కిటికీ వెలుతురుకు ఎత్తారు. గీకిన చోట కాగితం పలచబడి వెలుగు తెల్లగా కనబడింది. ఏమీ అనలేదు. పుస్తకం నా చేతికిచ్చి, కింద ఎదురు పద్దు రాయించి, పక్కన సంతకం చేయించారు. రద్దయిన టికెట్‌కు రద్దు చార్జీ ఉంటుంది, వాపసు వచ్చిన డబ్బుకు తేదీ ఉంటుంది, పొరపాటున పోయిన ఎస్ఎంఎస్‌కు క్షమాపణ ఎస్ఎంఎస్ ఉంటుంది. జరిగింది జరగకుండా పోదు. అందుకే అడుగుల వరుస రాసేటప్పుడు వెనక్కి తీసుకోలేని అడుగును వీలైనంత చివరికి జరపాలి. సరుకు బండి ఎక్కించడం డబ్బు ఖాయమయ్యాకే. ఈ వరుస మీద గంట చర్చ పెట్టిన ప్రాజెక్టులు నిలబడ్డాయి. తొందరలో వదిలేసినవి నా కళ్లముందే దెబ్బతిన్నాయి.

ఏ ఎదురు అడుగూ పనిచేయని ఉత్తరాలూ ఉంటాయి. చిరునామా తప్పు, లోపల రాత చదవలేనిది, పదిసార్లు ప్రయత్నించినా తెరుచుకోనిది. వాటిని పక్కన పెట్టే చోటును ఆ పుస్తకంలోనే డెడ్ లెటర్ చానెల్ అన్నారు, పేరు తపాలా శాఖ నుంచే వచ్చింది. మన తపాలా వారి దగ్గర చేరని ఉత్తరాలను విప్పి చూసి పంపినవారి జాడ వెతికే కార్యాలయం ఉంటుంది, అక్కడ మనుషులు కూర్చుంటారు. సాఫ్ట్‌వేర్‌లో చోటు పెడతాం, మనిషిని పెట్టం. నేను చూసిన ఒక ఆసుపత్రి వ్యవస్థలో ఆ పెట్టెలో పదకొండు నెలల రక్తపరీక్ష ఫలితాలు పడి ఉన్నాయి. ఒక్కో ఫలితం వెనక ఒక రోగి ఉన్నాడు. అప్పటినుంచి కొత్త పని ఒప్పుకునే ముందు నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: పొద్దున్నే ఆ పెట్టె ఎవరు తెరుస్తారు? పదవి పేరు చెబితే చాలదు, మనిషి పేరు చెప్పమంటాను.

మీరంతా రోజూ వాడే యూపీఐలో ఇదంతా ఉంది. 2016 ఏప్రిల్‌లో మొదలైంది. కూరగాయల బండి దగ్గర ఫోన్ చూపిస్తాం. మన బ్యాంకు డబ్బు తీసింది, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ ద్వారా కబురు అవతలి బ్యాంకుకు వెళ్లింది, జవాబు రాలేదు. పడిందా? పడి, జవాబు దారిలో పోయిందా? అసలు చేరనే లేదా? ఆ క్షణంలో ఎవరికీ తెలియదు. అవునని చెప్పినా కాదని చెప్పినా అబద్ధం కావచ్చు. అందుకే తెర మీద పెండింగ్ అని వస్తుంది. ఆ మాటను జనం తిట్టుకుంటారు. నాకు అది గొప్ప నిజాయితీగా కనిపిస్తుంది. దాని వెనక పన్నెండంకెల రిఫరెన్స్ నంబరుంది, లెక్కలు సరిచూసుకునే ఏర్పాటు ఉంది. 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు గడువు కూడా పెట్టింది. ఇచ్చినవారి ఖాతాలో డబ్బు తగ్గి, తీసుకునేవారి ఖాతాలో చేరకపోతే మరుసటి రోజులోగా తిరిగి వేయాలి, దాటితే రోజుకు వంద రూపాయల చొప్పున ఖాతాదారుకు చెల్లించాలి. తెలియదు అన్న స్థితికి ఒక పేరు, ఒక బాధ్యుడు, ఒక గడువు, గడువు దాటితే ఒక ధర. మంచి ప్యాటర్న్‌కు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇన్సులిన్ తిరిగొచ్చిన వారం నేను మళ్లీ విజయవాడ వెళ్లాను. పెద్దాయన బీరువా తీసి నోటుపుస్తకం నా ముందు పెట్టాడు. అందులో ఉన్నదంతా కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవడానికే వచ్చానని చెప్పాను. పేజీకి మూడు గడులు. మొదటిది నంబరు, రెండోది సరుకు పోయిన తేదీ. మా డేటాబేస్‌లో ఆ రెండూ పెట్టాను, నంబరు మార్చకుండా పంపేలా ప్రోగ్రాం దిద్దాను. మూడో గడి చాలావరకు ఖాళీ. అక్కడక్కడ సన్నగా "అడగాలి" అని పెన్సిలుతో ఉంది, కొన్ని చోట్ల దాని మీద అడ్డగీత. సగం చెరిగిన ఫ్యాక్స్ వస్తే, సరుకు కట్టాలో వద్దో తేలకపోతే అక్కడ రాసుకుని, సాయంత్రం నాలుగింటికి బండి బయల్దేరే ముందు హైదరాబాద్‌కు ఫోన్ చేసేవాడట. జవాబు వచ్చాక గీత కొట్టేవాడు. కంప్యూటర్ వచ్చాక అలాంటివి ఉండవులే అనుకుని ఆ గడి వదిలేశాను. మా పట్టికలో దానికి చోటు దొరకడానికి ఇంకో ఏడాది పట్టింది. గడి పేరు ఏం పెట్టాలని కుర్రాళ్లు అడిగారు. ఆయన రాసినట్టే ఉంచమన్నాను.